తూకం పంపితే రెండు కొక్కేలు వచ్చాయి: వెబ్‌వ్యూ2 వాడకంలో నా అనుభవం

మైక్రోసాఫ్ట్ వారి వెబ్‌వ్యూ2తో విండోస్ అప్లికేషన్‌లో వెబ్‌పేజీ ఎలా పెట్టాలో అందరికీ తెలుసు, ఆ జోలికి పోను. నా గొడవంతా ఎగ్జిక్యూట్‌స్క్రిప్ట్‌అసింక్ గురించే. సి షార్ప్ కోడ్ నుంచి పేజీలోని జావాస్క్రిప్ట్ ఫంక్షన్‌ను పిలిచి జవాబు తెచ్చేది అదే. దామలచెరువులో ఒక మామిడి మండీకి రాసిన బిల్లింగ్ అప్లికేషన్ కొన్ని సీజన్లుగా దాని మీదే నడుస్తోంది.

కాటా మీది తూకం కామ్ పోర్టు (కాటాను కంప్యూటర్‌కు కలిపే సీరియల్ పోర్టు) ద్వారా నా అప్లికేషన్‌లోకి వస్తుంది. లెక్కంతా మాత్రం వెబ్‌పేజీలో ఉంటుంది, యజమాని ఫోన్‌లో చూసేదీ ఆ పేజీనే కాబట్టి. దాన్ని రాసింది వేరే టీమ్. నేను తూకం, కాయ రకం పంపితే పేజీలోని ఫంక్షన్ ధర కట్టి, తరుగు, కమీషన్, హమాలీ తీసేసి నికరం చెబుతుంది. నేను దాన్ని ప్రింటర్‌కు పంపుతాను.

మొదటి సీజన్‌లో వెబ్‌వ్యూ2ను తెగ మెచ్చుకున్నాను. పాత వెబ్‌బ్రౌజర్ కంట్రోల్ రిజిస్ట్రీలో వేలు పెట్టకపోతే పేజీని ఐఈ7 (ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 7) పద్ధతిలో చూపించేది, కొత్త జావాస్క్రిప్ట్ రాస్తే ముఖం తిప్పుకునేది. వెబ్‌వ్యూ2 లోపలున్నది ఎడ్జ్ బ్రౌజర్ ఇంజిన్, ఆ తిప్పలేవీ లేవు.

తోతాపురి జోరుమీదున్న జూన్‌లో ఒక సాయంత్రం గుమాస్తా ఫోన్ చేశాడు. "ఏం సామీ, రూపాయల కాడ ఏందో రెండు కొక్కేలు పడతా ఉండాయి?" బిల్లు ఫొటో పంపమన్నాను. రైతు పేరు, ట్రాక్టర్ నంబరు, తూకం, తరుగు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నికరం ఉండాల్సిన చోట మాత్రం {} అని ఉంది. ఎర్రర్ రాలేదు, లాగ్‌లో ఏమీ లేదు.

ఆ మధ్యాహ్నం పేజీ టీమ్ ఆ రోజు ధరను సర్వర్ నుంచి తెచ్చేలా ఫంక్షన్‌ను మార్చింది. దాంతో అది అంకె బదులు ప్రామిస్ (జవాబు తర్వాత ఇస్తాననే హామీ లాంటి ఆబ్జెక్టు) ఇవ్వడం మొదలుపెట్టింది. ఫోన్‌లో బాగానే పనిచేస్తోంది కాబట్టి నాకు చెప్పాలని వాళ్లకు తోచలేదు. ఎగ్జిక్యూట్‌స్క్రిప్ట్‌అసింక్‌కు ప్రామిస్ తేలేదాకా ఆగే అలవాటు లేదు. చేతికొచ్చిన దాన్ని అప్పటికప్పుడు జేసన్‌గా (డేటాను అక్షరాల్లో రాసే పద్ధతి) మార్చి ఇచ్చేస్తుంది, ప్రామిస్‌ను అలా మారిస్తే మిగిలేది ఖాళీ ఆబ్జెక్టే. ఇటువైపు మనం అవెయిట్ (జవాబు వచ్చేదాకా ఆగమనే మాట) పెట్టుకుని కూర్చుంటాం. అది ఆగేది స్క్రిప్ట్ నడిచేదాకానే, లెక్క తేలేదాకా కాదు. డాక్యుమెంటేషన్ ప్రకారం ఇది తప్పేమీ కాదట! గేటు బయట రోడ్డు దాకా ట్రాక్టర్లు నిలబడి, అసలే ధర పడిపోయి రైతులు మండిపడుతున్నప్పుడు ఆ మాట ఎవరికి చెప్పుకోవాలి? ఆ రాత్రి బిల్లులన్నీ చీటీల మీద చేత్తోనే రాశారు.

దారి దొరికింది మాత్రం అనుకోని చోట. వెబ్‌వ్యూ2లో కాల్‌డెవ్‌టూల్స్‌ప్రోటోకాల్‌మెథడ్‌అసింక్ అని ఇంకోటి ఉంది, బ్రౌజర్ డెవలపర్ టూల్స్ వాడే ఆదేశాలను నేరుగా పంపేది. దాంతో రన్‌టైమ్.ఎవాల్యుయేట్ అనే ఆదేశాన్ని పిలిచి, అవెయిట్‌ప్రామిస్, రిటర్న్‌బైవాల్యూ రెండూ ట్రూ అని పెడితే లెక్క తేలాకే జవాబు ఇస్తుంది. పేజీలో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. పైగా ఫంక్షన్ మధ్యలో బోల్తా పడితే ఎక్కడ, ఎందుకు అన్నది కూడా చెబుతుంది. ఎగ్జిక్యూట్‌స్క్రిప్ట్‌అసింక్ అయితే స్క్రిప్ట్ ఎక్సెప్షన్ (ఎర్రర్) ఇచ్చినా, ఫంక్షన్ ఏమీ తిరిగివ్వకపోయినా ఒకే "నల్" (ఏమీ లేదు అని) మొహాన కొడుతుంది. తర్వాత వచ్చిన ఎగ్జిక్యూట్‌స్క్రిప్ట్‌విత్‌రిజల్ట్‌అసింక్ ఈ ఎక్సెప్షన్ సంగతి కొంత చక్కబెట్టింది.

పాత కంట్రోల్‌ను అంత తిట్టాను కానీ, దాని ఇన్వోక్‌స్క్రిప్ట్‌లో ఫంక్షన్ పేరు ఒకచోట, విలువలు ఒకచోట విడివిడిగా ఇచ్చేవాళ్లం. ఇక్కడ మొత్తం ఒకే స్ట్రింగ్‌గా పేర్చాలి. గుమాస్తా రిమార్కులో ఎంటర్ నొక్కి రెండో లైను రాస్తే కొటేషన్ మధ్యలో విరిగి, మళ్లీ అదే "నల్". ప్రతి విలువనూ జేసన్ సీరియలైజర్ గుండా పంపితే ఆ బెడద పోతుంది. కామ్ పోర్టు ఈవెంట్ వేరే థ్రెడ్‌లో వస్తుంది, వెబ్‌వ్యూ2ను యూఐ థ్రెడ్ (విండోను నడిపేది) నుంచే పిలవాలి. ఆ థ్రెడ్‌లో అవెయిట్ బదులు తొందరపడి డాట్ రిజల్ట్ అన్నారో, విండో బిగుసుకుపోతుంది.

నా వరకు దీన్నే కొనసాగిస్తాను. పేజీ నా చేతిలో లేదు, మండీ కంప్యూటర్ విండోస్ 10, కాబట్టి డెవ్‌టూల్స్ దారి నాకు సరిపోయింది. పేజీ కూడా మీరే రాస్తున్నట్టయితే దాని అవసరమే లేదు. పేజీ వైపు నుంచి పోస్ట్‌మెసేజ్‌తో, బిల్లు నంబరు జతచేసి జవాబు పంపించుకుంటే ఇంకా శుభ్రంగా ఉంటుంది. పక్క మండీవాళ్లూ ఇదే పెట్టమంటున్నారు. వాళ్ల దగ్గరున్నది విండోస్ 7, దానికి వెబ్‌వ్యూ2 వెర్షన్ 109తోనే ఆగిపోయింది. కంప్యూటర్ మార్చాకే మాట్లాడదామన్నాను.