బరంపురం నుంచి రాయగడ దాకా ముస్తఫా కోసం

ఒడిశా సరిహద్దు జిల్లాలకు మనవాళ్ళు గోపాల్‌పూర్ సముద్రం చూడడానికో, తప్తపాణి వేడినీటి బుగ్గలో స్నానం చేయడానికో, రాయగడ మజ్జి గౌరమ్మకు మొక్కు తీర్చుకోవడానికో వెళతారు. నేను వెళ్ళింది పాత వీడియో గేమ్ మెషీన్ల కోసం, అంటే ఆర్కేడ్ మెషీన్ల కోసం. తొంభైల్లో బస్టాండ్ల పక్క సందుల్లో ఉండేవి, గుర్తున్నాయి కదా? నిలువెత్తు చెక్క పెట్టె, అందులో ఉబ్బెత్తు గాజు తెర, ముందు స్టిక్కు, బటన్లు, రూపాయి బిళ్ళ వేసే సందు. ఆ పెట్టెల్లోకి వచ్చిన ఆటలు వందల కొద్దీ ఉన్నా, మా తరం నోట నిలిచిన పేరు ముస్తఫా.

దాని అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. జపాన్‌కు చెందిన క్యాప్‌కామ్ కంపెనీ 1993లో విడుదల చేసింది. అమెరికా చిత్రకారుడు మార్క్ షుల్ట్జ్ గీసిన కామిక్స్ దానికి ఆధారం. ఆటలో నలుగురు వీరులుంటారు. వారిలో పసుపు టోపీ పెట్టుకుని ఎగిరి తన్నే ముస్తఫా కైరో మన పిల్లలకు నచ్చాడు. ఆటకే అతని పేరు పెట్టేశారు. కంపెనీ పెట్టిన పేరు పక్కకు పోయి జనం పెట్టిన పేరు నిలిచిందంటే ఆ ఆట చేతులు మారిందన్నమాట. మిగతావన్నీ మరుగున పడినా దీనికి మాత్రం ఇంత అభిమానం ఎందుకు మిగిలిందో ఫోనులో ఎమ్యులేటర్ (పాత మెషీన్ల ఆటలను ఆడించే సాఫ్ట్‌వేర్) వేసుకుని ఆడితే తెలియదు. జనం ఇంకా నిలబడి ఆడుతున్న చోటికి వెళ్ళి చూడాలి.

విశాఖ నుంచి హౌరా వైపు వెళ్ళే చాలా ఎక్స్‌ప్రెస్ బళ్ళు బరంపురంలో ఆగుతాయి. నాలుగు గంటలకు అటూ ఇటూగా పడుతుంది. ఇచ్ఛాపురం దాటగానే రాష్ట్రం మారుతుంది గానీ, బరంపురంలో దిగాక తెలుగుతో పని జరగని చోటు నాకు కనబడలేదు. 1936లో ఒడిశా ఏర్పడే వరకు ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. ఆటో అతను, పట్టు చీరల కొట్టులో కుర్రాడు, టీ పోసే పెద్దాయన అందరూ మనం అడిగిన భాషలోనే జవాబిస్తారు.

బస విషయంలో ఒక్క మాట చెప్పాలి. స్టేషనుకు దగ్గరని తొందరపడి మొదట కనబడిన లాడ్జీలో దిగకండి. నేను దిగిన చోట గీజరు గోడకు ఉంది, వేడినీళ్ళు మాత్రం బకెట్లో, అదీ రెండుసార్లు అడిగాక వచ్చాయి. పొద్దున్నే గది తీసుకున్నందుకు విడిగా డబ్బు అడిగారు, ఆ సంగతి ముందు చెప్పలేదు. ఆ రాత్రి గడిపి మరునాడు గాంధీనగర్ వైపు మారాను. అద్దె అంతే, వెయ్యి లోపే. గది శుభ్రంగా ఉంది, కిటికీ తీస్తే గాలి వచ్చింది. కింద వీధిలో పొద్దున్న ఉప్మా మీద బఠాణీల ఘుగునీ పోసి ఇస్తారు. ఉప్మా, ఘుగునీ కలిపి తినడం మనకు అలవాటు లేదు గానీ, తిన్నాక ఉత్త ఉప్మా చప్పగా అనిపిస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు బరంపురం అప్పడాలు కొనడం మరచిపోకండి.

నేను వెతికిన కొట్టు బడా బజార్ వెనక సందుల్లో ఉంది. పేరు బోర్డు లేదు. లోపల నాలుగు పెట్టెలు, వాటిలో రెండు నడుస్తున్నాయి. యజమానికి అరవై దాటి ఉంటాయి. ఇంటి భాష తెలుగు, లెక్కలు రాసుకునేది ఒడియాలో. రెండేళ్ళకోసారి చైత్రంలో బుఢీ ఠాకురాణీ యాత్ర జరిగినప్పుడు ఒక పెట్టెను బండి మీద ఎక్కించి యాత్ర బజారుకు తీసుకెళతారట. మిగతా కాలమంతా కొట్టు మధ్యాహ్నం తెరిచి రాత్రి తొమ్మిదికి మూస్తారు.

నేను వెళ్ళేసరికి ముస్తఫా పెట్టె వెనక తలుపు తీసి ఉంది. ఆయన ఆటను నడిపే సర్క్యూట్ బోర్డు బయటికి లాగి, దాని అంచున వరుసగా ఉన్న రాగి పట్టీలను స్కూలు పిల్లల రబ్బరుతో రుద్దుతున్నారు. పచ్చగా పట్టిన కిలుము నలుసులుగా రాలింది. నోటితో ఊది, గుడ్డతో తుడిచి, మళ్ళీ వెలుతురుకు పెట్టి చూశారు.

"తెర మీద గీతలు వస్తే ముందు ఇది చెయ్యాలి బాబూ. మెకానిక్కులు ముందే బోర్డు మార్చమంటారు" అన్నారు.

"ఈ బోర్డు ఎప్పటిది బాబాయ్ గారూ?" అని అడిగాను.

"కొట్టు పెట్టిన రెండో ఏడు కొన్నది. అప్పటి నుంచి మూడు తెరలు మారాయి. బోర్డు మారలేదు."

ఆ పట్టీలు మొత్తం 56. జపాన్ మెషీన్ల తయారీదారుల సంఘం ఎనభైల నడుమ తెచ్చిన జామా పద్ధతి అది. పెట్టె అలాగే ఉంచి బోర్డు మాత్రం మార్చితే కొత్త ఆట వస్తుంది. చిన్న ఊళ్ళలో వీడియో గేమ్ కొట్లు బతకడానికి అసలు కారణం ఈ సౌకర్యమే. ఒక్క పెట్టె పెట్టుబడితో ఏళ్ళ తరబడి ఆటలు మార్చుకోవచ్చు. మరి ఈయన మాత్రం ఆ పెట్టెలో ఆట మార్చలేదు. మారుస్తానంటే పిల్లలు గొడవ చేశారట.

బోర్డు మీద చిప్పుల నడినెత్తిన కాగితపు చీటీలు అంటించి ఉన్నాయి. వాటి కింద చిన్న గాజు కిటికీలుంటాయి, అతినీలలోహిత కిరణాలు తగిలితే లోపలి ప్రోగ్రాము చెరిగిపోతుంది. అందుకే ఆ చీటీల జోలికి ఎవరినీ రానివ్వరు. ఇది క్యాప్‌కామ్ అసలు బోర్డు కాదు, నకలు బోర్డు. అసలు బోర్డులో శబ్దాన్ని నడిపే ప్రోగ్రామును రహస్య సంకేతాల్లో దాచారు, దాన్ని విప్పే తాళం ఒక చిన్న బ్యాటరీ మీద ఆధారపడి ఉంటుంది. బ్యాటరీ అయిపోతే ఆ తాళం పోతుంది. నకలు తయారుచేసినవాళ్ళు ఆ ఏర్పాటు మొత్తం తీసేసి మామూలు శబ్దపు చిప్పు పెట్టుకున్నారు. పాట అంత బాగా రాదు, దెబ్బల చప్పుడు పగిలినట్టుంటుంది. మనం విని పెరిగింది ఆ పగిలిన చప్పుడే. నకలు చేయడం తప్పే. అయినా మన ఊళ్ళలో ఎన్నో చోట్ల ఈ ఆట అడుగు పెట్టింది, బ్యాటరీ లేకుండా ఇన్నేళ్ళు నిలిచింది ఆ నకళ్ళ వల్లనేనని ఒప్పుకోవాలి.

సాయంత్రం బడి వదిలాక కొట్టు నిండింది. ఆడేవారు ఇద్దరు, చూసేవారు పది మంది. ఈ ఆట పట్టు ఎక్కడుందో అక్కడ కళ్ళకు కట్టింది. గుద్దే బటను, ఎగిరే బటను కలిపి నొక్కితే చుట్టూ ఉన్న శత్రువులందరినీ పడగొట్టే దెబ్బ ఒకటుంది, కానీ అది మన ప్రాణంలోంచే కొంత కోసుకుంటుంది. కాబట్టి ఎప్పుడు వాడాలో ప్రతిసారీ తేల్చుకోవాలి. తుపాకీ దొరికితే గుండ్లు లెక్క పెట్టుకోవాలి. పీపా పగిలితే మాంసం ముక్క బయట పడుతుంది, తింటే ప్రాణం పెరుగుతుంది. ఇద్దరు ఆడుతుంటే ఆ ముక్క ఎవరిది? ప్రాణం గీత చివరికి వచ్చిన వాడిదని ఎక్కడా రాయలేదు. చుట్టూ ఉన్న పదిమందీ మాత్రం అదే న్యాయమని అరుస్తారు. ఆ రోజు నిండు ప్రాణమున్న కుర్రాడు ముక్క తినేశాడు. పక్కవాడు ఇంకో రెండు దెబ్బలకే పోయాడు. తిన్నవాడితో ఆ తర్వాత ఆడడానికి ఎవరూ ముందుకు రాలేదు, కాయిన్ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నా సరే.

పాత ఆర్కేడ్ ఆట అభిమానుల ఆట కావడానికి నేను చూసిన మూలం ఇది. ఇంట్లో ఆడే ఆటకు ఆడేవాడు ఒక్కడుంటే చాలు. ఈ పెట్టె ముందు చూసేవారు కూడా ఆటలో భాగమే. డబ్బు లేని పిల్లవాడు కూడా చూసి చూసి ప్రతి స్టేజీలో ఏ పీపాలో ఏముందో నేర్చుకుంటాడు, ఆడేవాడికి చెబుతాడు, తన మాట నిజమైతే గర్వపడతాడు. జ్ఞానం అంతా నోటి మాటగానే నడిచింది.

ఇంకో కారణం, ఆటను ఇంటికి తెచ్చుకునే వీలు లేకపోవడం. ఈ ఆర్కేడ్ ఆటను ఇంటి కన్సోల్ కోసం క్యాప్‌కామ్ విడుదల చేయలేదు. హక్కులు చూస్తే కథ ఒకరిది, క్యాడిలాక్ పేరు జనరల్ మోటార్స్‌ది. 1994లో సెగా సీడీ అనే ఇంటి కన్సోల్ మీద ఇదే కథతో వచ్చింది వేరే ఆట. కాబట్టి ముస్తఫా కావాలంటే కొట్టుకే వెళ్ళాలి, నిలబడాలి, వంతు కోసం కాయాలి. 1997లో మేమ్ ఎమ్యులేటర్ మొదలయ్యాక పాత ఆటలు ఒక్కొక్కటే కంప్యూటర్లలోకి చేరాయి. ఈలోగా మా తరం పెద్దదైపోయింది.

బరంపురం నుంచి గోపాల్‌పూర్ పదిహేను కిలోమీటర్లు, షేర్ ఆటోలు దండిగా ఉంటాయి. సముద్రం, లైట్‌హౌస్ చూడవలసినవే. తీరానికి దగ్గరి బసలు వారాంతంలో మండిపోతాయి కాబట్టి మామూలు రోజుల్లో వెళ్ళండి. అక్కడ ఒక రిసార్టు ఆటల గదిలోకి కూడా వెళ్ళి చూశాను. కార్డు గీకితే టికెట్లు రాల్చే మెషీన్లు ఉన్నాయి. వాటిలో నేర్చుకోవడానికి ఏమీ లేదు. ఆటల కోసమైతే గోపాల్‌పూర్ వెళ్ళనక్కరలేదు.

పర్లాకిమిడికి పూరీ–గుణుపురం రైలు ఎక్కాను. నౌపడ దగ్గర ప్రధాన లైను వదిలి లోపలికి తిరుగుతుంది. ఈ దారి పర్లాకిమిడి సంస్థానం వేయించినది, 1900లో నారో గేజ్ మీద మొదలైంది, ఇప్పుడు బ్రాడ్ గేజ్. పాతపట్నం పక్కనే కాబట్టి ఊరు సగం మనదే అనిపిస్తుంది. రాజప్రాసాదం బయటి నుంచి చూసినా ఆగి చూడాలనిపించే కట్టడం. కొమ్ముతో బొమ్మలు చెక్కే పనివాళ్ళు ఇంకా ఉన్నారు. బస మాత్రం అంతంత మాత్రమే. శుభ్రమైన గది దొరికింది గానీ రాత్రి ఎనిమిది దాటితే భోజనం కష్టం. ముందే చెప్పి పెట్టుకోండి.

ఇక్కడ మెషీను ఒక్కటీ దొరకలేదు. ఉన్నవాటిని పాత ఇనుము కింద అమ్మేశారు. అయితే టీ కొట్టు దగ్గర నేను ముస్తఫా పేరు ఎత్తగానే, కొమ్ము పని చేసే ఒకాయన మూడో స్టేజీలో ఎడారి దారిన క్యాడిలాక్ కారు నడిపే ఘట్టాన్ని చేతులతో అభినయించి చూపించాడు. కారుతో శత్రువులను గుద్దుకుంటూ వెళ్ళి, చివర మోటారు సైకిలు మీద వచ్చే బాసును పడగొట్టడం. పక్కనున్నవాళ్ళు ఒక్కొక్కరూ తమ ఊరి కొట్టు పేరు, తమ జట్టులో ఆటలోని మిగతా వీరులు హానా ఎవరు, మెస్ ఎవరు అన్నది చెప్పడం మొదలుపెట్టారు. మెషీన్లు పోయి ఏళ్ళయినా ఎవరు ఎవరిగా ఆడారో వాళ్ళకు ఇంకా గుర్తుంది. పర్లాకిమిడిలో నేను ఎక్కువసేపు ఉన్నది ఆ బల్ల మీదే.

గుణుపురం మీదుగా రాయగడకు బస్సులో వెళ్ళాను. కొండల మధ్య దారి బాగుంది, బస్సు సీటు మోకాళ్ళకు తగిలేంత ఇరుకు. పొడుగ్గా ఉన్నవాళ్ళు ముందు వరుస అడిగి తీసుకోవాలి. రాయగడలో బసకు కొదవ లేదు. ఈ దారి మొత్తంలో గదులు, నీళ్ళు, భోజనం మూడూ కుదిరిన ఊరు ఇదే. మజ్జి గౌరమ్మ గుడికి ఆది, బుధ, శుక్రవారాల్లో జనం ఎక్కువ.

ఇక్కడి గేమ్ కొట్టు చూడడానికి ఎంతో బాగుంటుంది. చదునైన కొత్త తెర, గట్టి బటన్లు, ఒకే బోర్డులో వందల ఆటలు. జాబితాలో స్పేస్ ఇన్‌వేడర్స్ నుంచి కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97 దాకా అన్నీ ఉన్నాయి. 1978లో తోమోహిరో నిషికాదో స్పేస్ ఇన్‌వేడర్స్ చేసినప్పుడు, శత్రువులు తగ్గేకొద్దీ బొమ్మలు గీసే భారం తగ్గి మిగిలినవి వేగంగా కదిలేవి. అది యంత్రం తాలూకు పరిమితి. దాన్నలాగే ఉంచేశారు, ఆట గుండె దడ అదే అయింది. 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2లో వరుస దెబ్బలు కుదరడం మొదట తయారీవారు అనుకున్నది కాదు. ఆడేవాళ్ళు దాన్నే విద్యగా మార్చారు. పాక్‌మన్‌లో 256వ స్టేజీకి చేరితే స్టేజీల లెక్కకు ఉన్న ఎనిమిది బిట్ల జాగా చాలక తెరలో సగం చెదిరిపోతుంది. అక్కడిదాకా వెళ్ళడమే గొప్ప అయింది. ఈ లోపాలన్నీ బయటపడింది ఒకే ఆటను నెలల తరబడి, ఏళ్ళ తరబడి పట్టుకుని ఆడినవాళ్ళ వల్ల.

రాయగడ కొట్టులో ఆ పట్టు లేదు. ఒక పిల్లవాడు కాయిన్ వేసి, రెండు నిమిషాలు ముస్తఫా ఆడి, ఓడిపోగానే జాబితాలో కిందికి జరిగి ఇంకో ఆట తెరిచాడు. తర్వాత ఇంకొకటి. వెనక నిలబడి చూసేవారు లేరు, చూడడానికి కథ నిలవడం లేదు కాబట్టి. మెషీను పాడైపోయిందని కాదు, అన్నీ ఉన్నచోట ఏదీ నేర్చుకునే అవసరం లేకపోవడం నన్ను బాధపెట్టింది. కొట్టు యజమానితో ఆ మాటే అన్నాను. వారంలో ఒక సాయంత్రం ఒకే ఆట పెట్టి చూడమని అడిగాను. ఆలోచిస్తానన్నాడు.

తిరుగు ప్రయాణానికి రాయగడ నుంచి పార్వతీపురం మీదుగా విజయనగరానికి రైళ్ళు ఉన్నాయి, నేరుగా ఇంటికి చేరవచ్చు. నేను మాత్రం మళ్ళీ వెళ్ళేది బరంపురానికే. ముస్తఫా అసలు ముగ్గురు కలిసి ఆడగల ఆట. జామా పట్టీల్లో ఇద్దరికే దారి ఉంది, మూడోవారికి విడిగా తీగల కట్ట కావాలి. బాబాయ్ గారి పెట్టెలో మూడో స్టిక్కు ఉండవలసిన కన్నం మీద రేకు ముక్క బిగించి ఉంది. స్టిక్కు, బటన్లు, తీగల కట్ట హైదరాబాదులో దొరుకుతాయని కనుక్కున్నాను. కొని పంపిస్తున్నాను. మీరు వెళ్ళేసరికి బిగించి ఉంటారు, ముగ్గురు కలిసి వెళ్ళండి, రూపాయి బిళ్ళలు మార్చుకుని మరీ వెళ్ళండి.