50 నిమిషాల రౌండ్ మీద నా ఫిర్యాదు: పాపర్‌లో సొంత డెక్ కట్టేవాళ్ల కోసం

నెల్లూరు, కావలి, ఒంగోలు ఆటగాళ్లం కలిసి మ్యాజిక్ ద గ్యాదరింగ్ కార్డుల ఆటలో, కామన్ కార్డులతో మాత్రమే ఆడే పాపర్ ఫార్మాట్‌ను టోర్నమెంట్ పద్ధతిలోనే ఆడుతూ వస్తున్నాం. స్విస్ రౌండ్లు, మూడింట రెండు గెలిస్తే మ్యాచ్, గేమ్‌ల మధ్య డెక్‌లోకి మార్చుకోవడానికి 15 కార్డుల సైడ్‌బోర్డ్, రౌండ్‌కు 50 నిమిషాలు. ఈ సమీక్ష ఆ పద్ధతి గురించే. ఆట ఎట్లా ఆడాలో, కామన్ కార్డులంటే ఏవో తెలిసినవాళ్ల కోసం రాస్తున్నాను కాబట్టి ఆ జోలికి పెద్దగా పోను.

టోర్నమెంట్ల వల్ల సొంత బుర్రతో డెక్ కట్టేవాళ్లు తగ్గిపోయారని ఎవరినడిగినా అంటారు. నేరమంతా నెట్‌లో దొరికే లిస్టుల మీదికి నెట్టేస్తారు. నా కోపం మాత్రం ఆ 50 నిమిషాల మీద. నెట్ లిస్ట్ అందరికీ తెలిసిన లిస్ట్, దాన్ని చూసే దానికి విరుగుడు కట్టొచ్చు. గడియారానికి విరుగుడు ఏ కార్డులోనూ లేదు. నిదానంగా గెలిచే డెక్ ఎంత బాగా కట్టినా బల్ల మీద దాని మెడ మీద కూర్చునేది అదే.

ముందు మంచి చెప్పాలి. స్విస్ పద్ధతి కొత్త డెక్‌కు చాలా మేలు చేస్తుంది. నాకౌట్‌లో మొదటి మ్యాచ్ ఓడితే మూటాముల్లె సర్దుకోవాల్సిందే. స్విస్‌లో ఓడినవాళ్లకు ఓడినవాళ్లతోనే జత పడుతుంది. 16 మంది ఉంటే 4 రౌండ్లు, అన్ని రౌండ్లూ మీవే. కొత్త డెక్ ఎక్కడ తడబడుతోందో తెలియాలంటే ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు.

సైడ్‌బోర్డ్ ఇంకా గొప్ప చోటు. అసలు 60లో ఒక్కో కార్డు నాలుగేసి పెట్టుకుని నిలకడ చూసుకోవాలి, విచిత్రాలకు జాగా ఉండదు. ఆ 15లో ఉంటుంది. ఆర్టిఫాక్ట్ (వస్తువులు, యంత్రాల) కార్డులతో నిండిన అఫినిటీ డెక్‌నే చూడండి. ఒకప్పుడు దాని ఆర్టిఫాక్ట్ ల్యాండ్‌లను (మనా, అంటే కార్డులు వేయడానికి కావాల్సిన శక్తి, ఇచ్చే కార్డులను) గొరిల్లా షామన్ అనే కార్డు ఒక్కొక్కటిగా కొరికేసేది. 2021లో మోడర్న్ హొరైజన్స్ 2 సెట్‌తో నాశనం కాని బ్రిడ్జ్ ల్యాండ్‌లు వచ్చేసరికి దాని పళ్లు మొద్దుబారాయి. అప్పుడు జనం పాత పెట్టెలు వెతికి 1994 నాటి ద డార్క్ సెట్‌లోంచి డస్ట్ టు డస్ట్‌ను బయటికి తీశారు. అది నాశనం చేయదు, రెండు ఆర్టిఫాక్ట్‌లను ఆటలోంచే తీసేస్తుంది. బ్రిడ్జ్ అయినా పోవాల్సిందే. ఇట్లాంటి తెలివి పుట్టింది టోర్నమెంట్ ఒత్తిడి వల్లే. ఇంట్లో సరదాగా ఆడేటప్పుడు ఆ కార్డు కోసం ఎవరూ వెతకరు.

ఇక గడియారం దగ్గరికి వద్దాం. మొదట పాయింట్ల లెక్క. గెలుపుకు 3, డ్రాకు 1, ఓటమికి 0. నాలుగు రౌండ్లలో ఒక్కసారి కూడా ఓడకుండా నాలుగూ డ్రా చేసుకున్న డెక్‌కు 4 పాయింట్లు. రెండు గెలిచి రెండు ఓడిన డెక్‌కు 6. ఓటమి ఎరగని డెక్ కింద, సగం ఓడిన డెక్ పైన. డ్రా విలువ తక్కువ పెట్టడంలో న్యాయం ఉంది, లేకపోతే ఆటగాళ్లు కూడబలుక్కుని డ్రాలు రాసుకుంటారు. కానీ మన దగ్గర డ్రాలు కూడబలుక్కుంటే రావట్లేదు, టైం చాలక వస్తున్నాయి. శిక్ష మాత్రం అదే.

డ్రా కూడా దక్కని సందర్భం ఒకటుంది. దాన్ని వివరంగా చెప్పాలి, ఎందుకంటే నిదానం డెక్ కట్టే ప్రతి ఒక్కరికీ ఏదో ఒక రోజు ఇది ఎదురవుతుంది.

ఒకవైపు ఫ్లికర్ ట్రాన్ (ట్రాన్ అనే మూడు ల్యాండ్‌లు కూడితే వచ్చే ఎక్కువ మనాతో నడిచే నిదానం డెక్), అవతల బోగిల్స్ (ఒక్క జీవికి బలం పెంచే ఆరా కార్డులు తగిలించి కొట్టే డెక్). మొదటి గేమ్ బోగిల్స్ తొమ్మిది నిమిషాల్లో లాగేసింది. సైడ్‌బోర్డ్ మార్చుకుని, కలిపి, కోత పెట్టి మళ్లీ పంచుకునేసరికి 13 నిమిషాలు. రెండో గేమ్‌లో ట్రాన్ ప్రాణం నిలబెట్టుకుంటూ వచ్చి 38వ నిమిషానికి లాక్, అంటే అవతలివాళ్లను కదలనివ్వని అమరిక, పూర్తి చేసింది. బల్ల మీద నెమోనిక్ వాల్, స్టోన్‌హార్న్ డిగ్నిటరీ, డిన్రోవా హారర్, చేతిలో ఘోస్ట్లీ ఫ్లికర్. ఫ్లికర్ వేసి వాల్‌నూ డిగ్నిటరీనీ ఒకసారి తీసి తిరిగి దించితే, డిగ్నిటరీ వల్ల అవతలివాళ్ల తర్వాతి దాడి దశ పోతుంది, వాల్ వల్ల అదే ఫ్లికర్ గ్రేవ్‌యార్డ్ (వాడేసిన కార్డుల కుప్ప) నుంచి చేతికొస్తుంది. ఖర్చు 3 మనా. ట్రాన్ మూడు ల్యాండ్‌ల నుంచి 7, నీలం ఇచ్చే ల్యాండ్‌లు ఇంకో మూడు, మొత్తం 10. అంటే టర్నుకు మూడు ఫ్లికర్లు. ఒకటి దాడి ఆపడానికి, రెండు హారర్‌తో అవతలి బల్ల ఖాళీ చేయడానికి.

అవతల బోగిల్ మీద ఎథీరియల్ ఆర్మర్, రాంకర్, ఆర్మడిల్లో క్లోక్ అనే మూడు ఆరాలు. ఆ ఆటగాడి ప్రాణం 31. బోగిల్‌ను గురి పెట్టలేం, కానీ దాని మీదున్న ఆరాలను పెట్టొచ్చు. హారర్ దిగినప్పుడల్లా ఒకటి వాళ్ల చేతికి పోతుంది, తర్వాత వాళ్లు చేతిలోంచి ఒక కార్డు పారేయాలి. మూడు ఆరాలు, ఐదు ల్యాండ్‌లు కలిపి ఎనిమిది. టర్నుకు రెండు చొప్పున నాలుగు టర్నులు. ఆ తర్వాత హారర్ నాలుగేసి కొడుతూ 31 దించాలంటే ఎనిమిది టర్నులు. మొత్తం పన్నెండు.

మిగిలింది 12 నిమిషాలు. మూడు ఫ్లికర్లు, ఒక్కోదానికి రెండు ట్రిగర్లు (కార్డు దిగగానే పనిచేసే ప్రభావాలు), గురి చెప్పడం, కార్డులు జరపడం, అవతలివాళ్లు సరే అనడం. ఎంత చురుగ్గా ఆడినా టర్ను నిమిషంన్నరకు తగ్గదు. ఆరేడు టర్నులు అవుతాయి. టైం అయ్యాక ఐదు అదనపు టర్నులు ఇస్తారు, అవి ఇద్దరికీ కలిపి, మన వాటా రెండో మూడో. పన్నెండు ఎట్లా చూసినా రావు. రెండో గేమ్ తేలకుండా ముగిసింది, మొదటి గేమ్ బోగిల్స్‌ది, కాబట్టి 1-0తో మ్యాచ్ కూడా బోగిల్స్‌దే. కదలడానికి వీల్లేకుండా కట్టేసిన ఆటలో కట్టేసినవాళ్లకు సున్నా పాయింట్లు. అవతలి ఆటగాడి తప్పేమీ లేదు. లొంగిపోవాలని ఏ నియమమూ లేదు, ఆయన సాగదీయనూ లేదు. కావాలని సాగదీస్తే అది క్రీడాస్ఫూర్తికి విరుద్ధమైన ప్రవర్తన కింద లెక్క, టోర్నమెంట్ నుంచే తీసేస్తారు. ఇక్కడ అందరూ నియమం ప్రకారమే ఆడారు. నష్టపోయింది ఆ డెక్ కట్టిన ఆలోచన.

ఆన్‌లైన్‌లో ఆడి వచ్చినవాళ్లకు ఇది అర్థం కాదు. మ్యాజిక్ ఆన్‌లైన్‌లో మ్యాచ్‌కు మనిషికి 25 నిమిషాలు, చదరంగం గడియారంలా ఎవరి టైం వాళ్లది. మీ నిదానం మీ ఖాతాలోనే పడుతుంది. కార్డులు కలపడం కంప్యూటరే క్షణంలో చేసేస్తుంది. కాగితం మీద 50 నిమిషాలూ ఉమ్మడి. అందుకే ఆన్‌లైన్ ఫలితాలు చూసి దించుకున్న నిదానం డెక్ బల్ల మీదికి రాగానే వేరే డెక్ అయిపోతుంది.

గడియారం డెక్‌లను మింగుతుందని ఆట నడిపేవాళ్లకు తెలియక కాదు. 2012లో ఎగ్స్ అనే డెక్ ప్రో టూర్ అనే పెద్ద పోటీ గెలిచింది. ఒక్కో టర్ను అంతూపొంతూ లేకుండా సాగేది. 2013లో దాని గుండెకాయ సెకండ్ సన్‌రైజ్ కార్డును మోడర్న్ ఫార్మాట్‌లో నిషేధించారు. 2017లో లెగసీ ఫార్మాట్‌లో సెన్సేస్ డివైనింగ్ టాప్‌ను నిషేధించినప్పుడు చెప్పిన కారణాల్లోనూ టైం ఉంది. అంటే కార్డు బలం ఒక్కటే కాదు, అది తినే నిమిషాలు కూడా నిషేధానికి కారణమే. డెక్ కట్టేవాళ్లం కార్డు ఎంచుకునేటప్పుడు అదే లెక్క వేసుకోవాలి, ఇష్టమున్నా లేకపోయినా.

ఎట్లా వేసుకోవాలంటే, మొదట వెతుకులాట తగ్గించండి. ఎవాల్వింగ్ వైల్డ్స్, యాష్ బారెన్స్, ఎక్స్‌పెడిషన్ మ్యాప్, వీటిలో ఏది వాడినా డెక్ వెతకాలి, కలపాలి, అవతలివాళ్ల కోతకు ఇవ్వాలి. స్లీవుల్లో ఉన్న డెక్‌తో ఒక్కోసారికి నిమిషం దాకా పోతుంది. గేమ్‌కు మూడుసార్లు అనుకున్నా మూడు గేమ్‌లకు తొమ్మిది నిమిషాలు, రౌండ్‌లో దాదాపు ఐదోవంతు. ట్రాన్‌లో మ్యాప్ తీయలేం, అది లేకపోతే ట్రాన్ పూర్తవడం కష్టం. వైల్డ్స్ తీసేసి, కలపాల్సిన పని లేని రెండు రంగుల ట్యాప్డ్ ల్యాండ్‌లు పెట్టుకోవచ్చు. ఒక టర్ను ఆలస్యం, రౌండ్‌లో నాలుగైదు నిమిషాల లాభం.

తర్వాత ముగింపు కార్డు. హారర్‌తో కొట్టి గెలిచే బదులు పెట్టిన మనాను బట్టి నష్టం చేసే ఒక్క రోలింగ్ థండర్ పెడితే, రెండు వాల్‌లను కలిపి ఫ్లికర్ చేసి ఫ్లికర్‌నూ థండర్‌నూ రెండింటినీ చేతికి తెచ్చుకోవచ్చు. 13 మనా ఉందనుకోండి, దాడి ఆపడానికి 3, వాల్‌లకు 3, థండర్‌కు ఎరుపు రెండు, మిగిలిన 5 నష్టం. 31 ప్రాణానికి ఏడు టర్నులు. బల్ల ఖాళీ చేసే పని లేదు కాబట్టి టర్నులు కూడా పొట్టివి. ఇందుకోసం ఒక మల్‌డ్రిఫ్టర్ (కార్డులు తెచ్చిపెట్టే జీవి) తీసేయాలి, ఎరుపు ఇచ్చే ల్యాండ్‌లు రెండు పెంచాలి. ఎరుపు ల్యాండ్‌లు పెంచి నీలం తగ్గిస్తే టర్నుకు మూడో ఫ్లికర్ రాదు, అది కూడా చూసుకోండి.

పని చేస్తుంది. కానీ నాకు బాధ కలిగించేది ఇక్కడే. దాడులను పొగమంచుతో ఆపే డెక్ అయినా, లైబ్రరీ ఖాళీ చేసే డెక్ అయినా, ట్రాన్ అయినా, చివరికి అన్నిటికీ ఇట్లాంటి ముగింపు కార్డే తగిలించాల్సి వస్తోంది. గెలిచే దారిలోనే కదా డెక్ కట్టినవాళ్ల సొంత ముద్ర ఉండేది! ఆ దారిని గడియారం ముందే రాసి పెట్టేస్తోంది.

ఆడేటప్పుడు ఒక్క జాగ్రత్త. మొదటి గేమ్‌లో ఓటమి ఖాయమని తెలిసిన క్షణం లొంగిపోండి. పౌరుషానికి పోయి లాగిన ఐదు నిమిషాలే మూడో గేమ్‌లో లేకుండా పోతాయి. ఇంకొకటి, గడియారంతో సంబంధం లేనిది. మన నెల్లూరు గాలిలో తేమకు ఫాయిల్ కార్డులు వంకర తిరుగుతాయి, అట్ట తేమ పీల్చుకుంటుంది, పైనున్న ఫాయిల్ పొర పీల్చుకోదు. వంగిన కార్డు డెక్‌లో చేతికి తెలిసిపోతుంది కాబట్టి గుర్తు పెట్టిన కార్డు కిందికే వస్తుంది. డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేయండి, లేదా మామూలు కార్డులే వాడండి.

చదరంగం గడియారం పెడితే పోదా అని చాలామంది అడుగుతారు. ఫోన్ యాప్‌లు ఉన్నాయి. చదరంగంలో ఎత్తుకు ఒక నొక్కు. మ్యాజిక్‌లో ఒక్క టర్నులోనే అవకాశం పదిసార్లు చేతులు మారుతుంది, ప్రతిసారీ నొక్కడం ఎవరికీ గుర్తుండదు. టర్ను మారినప్పుడు మాత్రమే నొక్కితే అవతలివాళ్లు ఆలోచించిన టైం మన ఖాతాలో పడుతుంది. ఇది నిలబడలేదు.

నిలబడింది వేరే మార్పు. 50 నిమిషాల రౌండ్లు నాలుగైతే 200 నిమిషాలు. 65 నిమిషాల రౌండ్లు మూడైతే 195. హాలు అద్దె అంతే, ఒంగోలు వైపు సాయంత్రం రైలు అందుకోవాల్సినవాళ్లకూ ఇబ్బంది లేదు. ఎనిమిది మంది వస్తే మూడు రౌండ్లకు ఓడని వాళ్లు ఒక్కరే మిగులుతారు. ఆ పదిహేను నిమిషాలు చేసిన మేలు నేను ఊహించనంత. పైన చెప్పిన ట్రాన్, బోగిల్స్ మ్యాచ్‌నే తీసుకోండి, 38వ నిమిషానికి లాక్ పడితే ఇంకా 27 ఉంటాయి. రెండో గేమ్ పూర్తవుతుంది, కనీసం డ్రా దక్కుతుంది. నిదానం డెక్‌లు మళ్లీ బల్ల మీద కనిపించడం మొదలైంది. ఎనిమిది దాటి జనం వస్తే మాత్రం చిక్కే. 11 మంది ఉంటే మూడు రౌండ్ల తర్వాత ఓడనివాళ్లు ఇద్దరు మిగలొచ్చు, ప్రతి రౌండ్‌కూ ఒకరు ఖాళీగా కూర్చోవాలి.

సైడ్‌బోర్డ్ గురించి పైన అన్నదానికి కూడా ఒక మాట కలపాలి. కొత్త ముఖాలు వచ్చే పెద్ద టోర్నమెంట్‌లో అది తెలివికి చోటు. మనలాంటి చిన్న గుంపులో ఎవరి డెక్ ఏదో అందరికీ తెలుసు. ఒకళ్లు గ్రేవ్‌యార్డ్ డెక్ కడితే తర్వాతిసారికి అందరి సైడ్‌బోర్డ్‌లోనూ రెలిక్ ఆఫ్ ప్రొజెనిటస్ మూడేసి ఉంటాయి. ఒక మనా కార్డు, ఏ రంగు డెక్‌లోనైనా పడుతుంది, వాల్ తిరిగి తెచ్చుకోవాల్సిన ఫ్లికర్‌ను శాశ్వతంగా తీసేస్తుంది. అప్పుడు ఆ 15 కార్డులు ఒక మనిషి మీద గురి పెట్టినవే అవుతాయి. దీనికి చేయగలిగింది తక్కువే. జతలు ప్రకటించక ముందే 75 కార్డుల లిస్ట్ రాసిచ్చేయాలి, ఎదురెవరో చూసి మార్చుకోవడం కుదరదు. ప్యాకెట్లు గెలిచినవాళ్లకే కాకుండా అన్ని రౌండ్లూ ఆడినవాళ్లందరి పేర్లూ వేసి చీటీ తీస్తే ఇంకొంచెం మేలు, ఓడినా పోయేదేమీ లేదని జనం కొత్తది తెస్తారు.

ఇదంతా పదిమంది లోపు, ఆదివారం మధ్యాహ్నాలు, చవకగా దొరికే కామన్ కార్డులతో ఆడేవాళ్ల మాట. చెన్నై, బెంగళూరుల్లో పెద్ద టోర్నమెంట్లకు పోయి ఆడాలనుకుంటే 50 నిమిషాలకే అలవాటు పడాలి, అక్కడ మన 65 నడవదు. అట్లాంటివాళ్లు ఇంట్లో కూడా 50కే గంట పెట్టుకుని, థండర్ ఉన్న లిస్ట్‌తోనే సాధన చేయడం మంచిది. బర్న్ లాంటి వేగం డెక్‌లు ఇష్టపడేవాళ్లకు ఈ ఫిర్యాదుతో పనే లేదు, వాళ్ల మ్యాచ్‌లు అరగంటలో అయిపోతాయి. ఊళ్లో ఎనిమిది మంది దొరికి, వాళ్లలో ఇద్దరు ముగ్గురికైనా నిదానం డెక్‌లు కట్టే ఇష్టం ఉంటే, 65 నిమిషాలు మూడు రౌండ్లు పెట్టి చూడండి.