అపలాచియాలో ఒక వారం నేర్చుకోవాలంటే: బ్రాస్‌టౌనా, హిండ్‌మనా?

అట్లాంటా, షార్లెట్ వైపు ఉండే మనవాళ్ళు లాంగ్ వీకెండ్ వస్తే అపలాచియాకి, అంటే అపలాచియన్ పర్వతాల కొండలకి బయల్దేరతారు. గాట్లిన్‌బర్గ్‌లో క్యాబిన్, స్మోకీ మౌంటెన్స్‌లో ఫొటోలు, ఆదివారం రాత్రికి ఇల్లు. అవే కొండల్లో కథలు రాసేవాళ్ళు, ఫిడేలు, బాంజో వాయించేవాళ్ళు ఉన్నారు. కొత్తవాళ్ళకి నేర్పుతారు కూడా. ఒక వారం సెలవు పెట్టి వాళ్ళ దగ్గర నేర్చుకుందామనుకునేవారికి నేను ముందుగా చెప్పే ఊళ్ళు రెండు: నార్త్ కరోలినాలో బ్రాస్‌టౌన్, కెంటకీలో హిండ్‌మన్. రెండూ చిన్న ఊళ్ళే. అక్కడి చదువులు మాత్రం ఒకదానికొకటి పోలిక లేనివి.

బ్రాస్‌టౌన్‌లో ఉన్నది జాన్ సి. క్యాంప్‌బెల్ ఫోక్ స్కూల్. ఆలివ్ డేమ్ క్యాంప్‌బెల్, మార్గరీట్ బట్లర్ కలిసి 1925లో మొదలుపెట్టారు. చనిపోయిన భర్త పేరే ఆలివ్ ఆ బడికి పెట్టింది. డెన్మార్క్‌లో రైతుల కోసం నడిచే జానపద పాఠశాలలు ఆమెకి ఆదర్శం. పరీక్షల్లేవు, మార్కుల్లేవు, పోటీ అసలే లేదు. కమ్మరి పని, చెక్క చెక్కడం, నేత, కుండలు, బాంజో, కథారచన, చెట్టూ పుట్టా గురించి తెలుసుకోవడం, ఏదో ఒకటి ఎంచుకుని ఆ వారమంతా దాని మీదే ఉండాలి. పొద్దున్నే అందరూ చేరి పాటలూ కథలూ వింటారు, కలిసి భోంచేస్తారు, చివర్లో ఎవరు చేసింది వాళ్ళు చూపిస్తారు. అట్లాంటా నుంచి కారులో సుమారు రెండు గంటల దారి.

సంగీతం ఏమాత్రం రానివాళ్ళు అక్కడ డల్సిమర్‌తో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. సన్నగా, పొడుగ్గా ఉండే ఈ వాయిద్యాన్ని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంటారు. పాత పద్ధతిలో మనకి దగ్గరగా ఉన్న తీగ మీద చిన్న కర్రముక్క ఆనించి జరుపుతూ పాట పలికిస్తారు, మిగతా తీగలు శ్రుతిలా మోగుతూనే ఉంటాయి. కుడిచేత్తో మీటడానికి వెనకటికి పక్షి ఈక వాడేవారు. మెట్ల అమరిక ఎలా ఉంటుందంటే, మన శంకరాభరణం స్వరాలకే మెట్లుంటాయి, మధ్యలో వాటికి ఉండవు. అపస్వరం పడే అవకాశమే తక్కువ. శ్రుతి మీద చెవి నిలపడం అలవాటున్న మనవాళ్ళు మొదటిరోజే ఒక చిన్న పాట వాయించేస్తారు. ఆ ఉత్సాహం చిన్నది కాదు.

లోటు ఎక్కడంటే, అక్కడ నేర్పేవాళ్ళలో చాలామంది మనలాగే ఆ వారానికి వచ్చినవాళ్ళు. మంచి పనివాళ్ళే, ఓపిక కూడా ఎక్కువే. వారం అయ్యాక మనమూ వెళ్ళిపోతాం, వాళ్ళూ వెళ్ళిపోతారు. విద్య చేతికి వస్తుంది, ఆ నేల సంగతి అంతగా అందదు. ఇంకోటి, కొండల సంస్కృతి అంటే బ్రిటన్ నుంచి వచ్చిన తెల్లవాళ్ళ పాటలేనని ఆ బడి పెట్టిన రోజుల్లో పాటల సేకరణకి దిగినవాళ్ళు చాలావరకు అనుకున్నారు. బాంజో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ వాయిద్యం. బాంజో పాఠంలో ఆ మాట రాకపోతే అడగండి.

హిండ్‌మన్ కథ వేరు. కెంటకీలోని నాట్ కౌంటీలో, ట్రబుల్‌సమ్ క్రీక్ అనే వాగు ఒడ్డున, 1902లో మే స్టోన్, క్యాథరీన్ పెటిట్ అనే ఇద్దరు ఆడవాళ్ళు పెట్టిన సెటిల్‌మెంట్ స్కూల్ అది, అంటే ఊళ్ళోనే ఉండి చదువు చెబుతూ ఊరికి సాయపడే బడి. ఆలివ్ క్యాంప్‌బెల్ బ్రాస్‌టౌన్ బడి పెట్టడానికి చాలా ఏళ్ళ ముందు, ఇక్కడే ఒక విద్యార్థిని ‘బార్బరా అలెన్’ అనే పాత కథాగీతం పాడగా విని, కొండపాటల సేకరణకి పూనుకుంది. డల్సిమర్‌కి పేరు తెచ్చిన జేమ్స్ ఎడ్వర్డ్ థామస్ 1870ల నుంచి వాటిని తయారుచేసింది కూడా ఈ నాట్ కౌంటీలోనే. అంటే బ్రాస్‌టౌన్‌లో మనం ముచ్చటపడే చాలా వాటికి మొదలు ఇటువైపే ఉంది.

ఇప్పుడు హిండ్‌మన్‌కి ఎక్కువ పేరు రచయితల వల్ల. 1970ల చివర్లో కవి ఆల్బర్ట్ స్టూవర్ట్ మొదలుపెట్టిన అపలాచియన్ రైటర్స్ వర్క్‌షాప్ ఏటా వేసవిలో ఒక వారం జరుగుతుంది. విద్యార్థిగా వచ్చినవాళ్ళు తర్వాత పాఠం చెప్పడానికి రావడం అక్కడ మామూలు. నవలా రచయిత సైలస్ హౌస్ అలా ఎదిగినవాడే, 2023లో కెంటకీ రాష్ట్ర ఆస్థానకవి అయ్యాడు.

ఆ బడికి ప్రాణంలాంటివాడు జేమ్స్ స్టిల్. పుట్టింది అలబామాలో, ఇక్కడికి వచ్చింది 1930ల మొదట్లో, లైబ్రేరియన్‌గా. మొదట్లో జీతం కూడా లేదు. పుస్తకాల పెట్టె భుజానికెత్తుకుని కొండదారుల్లో నడుచుకుంటూ ఒంటిగది బడులకి చేర్చేవాడు. పిల్లలు చదివేశాక మళ్ళీ నడిచివెళ్ళి వేరే పుస్తకాలు ఇచ్చేవాడు. తర్వాత వాగు పక్కన ఒక దుంగల ఇంట్లో ఉంటూ, కూరగాయలు పండించుకుంటూ నవలలూ కవితలూ రాశాడు. 2001లో చనిపోతే ఆ బడి ఆవరణలోనే సమాధి చేశారు. పుట్టుకతో ఆ ఊరివాడు కాదు. అయినా అతని రాతల్లోని మాటతీరు, పంటలు, ఆకలి ఆ కొండవే. ఎక్కడో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ మనకి ఆయన్ని చదివితే ధైర్యం వస్తుంది.

2022 జులై చివర్లో వర్క్‌షాప్ జరుగుతున్న వారమే ట్రబుల్‌సమ్ క్రీక్ అర్ధరాత్రి పొంగింది. బడి భవనాల్లోకి నీళ్ళొచ్చి, దశాబ్దాలుగా దాచిన కాగితాలు, ఫొటోలు తడిసిపోయాయి. తడిసినవాటిని ఆరబెట్టుకునే పని ఒకపక్క ఉండగానే, ఇళ్ళు పోయినవాళ్ళకి ఆ బడే ఆశ్రయం ఇచ్చింది. ప్రకృతి గురించి రాయడమంటే పూలూ పొగమంచూ మాత్రమే కాదని అక్కడి రచయితలకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. బొగ్గు కోసం కొండల తలలు తెగ్గొట్టడం కళ్ళారా చూసినవాళ్ళు వాళ్ళు.

అలాగని హిండ్‌మన్ అందరికీ సరిపోయే చోటు కాదు. సరదాగా చూసొద్దామంటే కుదరదు, రాసిన పేజీలు ఉండాలి. మన రాతని పదిమంది ముందు విప్పి మాట్లాడితే తట్టుకోవాలి. దారి దూరం, దగ్గర్లో పెద్ద ఊళ్ళు లేవు. తెలుగులో రాసేవాళ్ళు ఇంగ్లిష్‌లో కూడా రాస్తుంటేనే ఇది ఉపయోగం.

ఈ రెంటికన్నా పాత పద్ధతి ఒకటుంది. నార్త్ కరోలినా మాడిసన్ కౌంటీలో పాత పాటలు మోకాలికి మోకాలు ఆనించుకుని కూర్చుని నేర్చుకుంటారు. పెద్దావిడ ఒక చరణం పాడుతుంది, చిన్నది అప్పచెబుతుంది, కుదిరాకే తర్వాతి చరణం. కాగితం లేదు. షీలా కే ఆడమ్స్ అనే గాయని, తనకి వరసకి అమ్మమ్మ అయ్యే డెలీ నార్టన్ దగ్గర ఇలాగే నేర్చుకుంది. బడిపంతులమ్మగా పనిచేసింది, కథలు రాసింది, బాంజో వాయిస్తుంది, 2013లో దేశంలోనే పెద్దదైన జానపద కళల గౌరవం అందుకుంది. గురుముఖంగా నేర్చుకోవడం విలువ తెలిసిన మనకి దీని గొప్పతనం వేరే చెప్పాలా?

నా లెక్క ఇది. చేత్తో ఏదైనా చేయాలని, మనసుకి కాస్త విశ్రాంతి కావాలని ఉంటే బ్రాస్‌టౌన్, అందులో సందేహం లేదు. రాసేవాళ్ళయితే, ఎంత దూరమైనా హిండ్‌మన్. నన్ను ఒక్కటే చెప్పమంటే హిండ్‌మనే అంటాను, ఎందుకంటే అక్కడ నేర్పేవాళ్ళలో మళ్ళీ మళ్ళీ ఆ వాగు దగ్గరికే తిరిగొచ్చేవాళ్ళున్నారు.

పిల్లల కోసం అడిగితే మాత్రం రెండూ కాదు. హెలెన్ వైట్ అనే స్కూల్ కౌన్సెలర్ 2000లో నార్త్ కరోలినా అలెగనీ కౌంటీలో మొదలుపెట్టిన జూనియర్ అపలాచియన్ మ్యుజీషియన్స్ కార్యక్రమం ఉంది. బడి అయ్యాక అక్కడి కళాకారులే ఫిడేలు, బాంజో, గిటార్ నేర్పుతారు, నోట్స్ చూసి కాదు, చెవితో విని. అదే ఊరి గురువు వారం వారం ఎదురుగా ఉంటాడు. ఇప్పుడది వర్జీనియా, సౌత్ కరోలినా, టెనెసీ కొండ కౌంటీల్లోనూ నడుస్తోంది. మీరు అటువైపే ఉంటే, సమ్మర్ క్యాంప్‌కి డబ్బు కట్టేముందు మీ పిల్లల స్కూల్లో ఒకసారి అడగండి.