ఇజ్నిక్‌లో ఒక రాత్రి ఉంటేనే లాభం

ఇజ్నిక్ అనగానే నీలి పూల టైల్స్ గుర్తొచ్చి, గోడల నిండా అవే ఉంటాయనుకుని వెళితే నిరాశ తప్పదు. 16వ శతాబ్దంలో ఇక్కడి బట్టీల్లో కాల్చిన మేలైన సరుకు చాలావరకు ఇస్తాంబుల్‌కే పోయింది. అది చూడాలంటే అక్కడి రుస్తుం పాషా మసీదుకు వెళ్లాలి. టర్కీలోని ఈ చిన్న ఊరి గొప్పతనం వేరు. ఒట్టోమాన్ పాలకుడు ఓర్హాన్ 1331లో దీన్ని బైజాంటైన్ల (తూర్పు రోమన్ సామ్రాజ్యం) నుంచి గెలుచుకున్నాడు. ఆ తర్వాత అరవై ఏళ్లలో ఒట్టోమాన్ కట్టడం ఎలా నడక నేర్చిందో ఇక్కడ కాలినడకన చూడొచ్చు.

ఊరి నడుమ రెండు పెద్ద వీధులు కలిసే చోట అయాసోఫియా అనే ఒకప్పటి చర్చి ఉంది. నేల రోడ్డు కంటే దిగువన ఉంటుంది కాబట్టి మెట్లు దిగి వెళ్లాలి. 325 నాటి మొదటి క్రైస్తవ మహాసభ ఇందులోనే జరిగిందని చాలామంది చెబుతారు, అది తప్పు. ఆ సభ చక్రవర్తి ప్రాసాదంలో జరిగింది. ఇక్కడ జరిగింది 787 నాటి మహాసభ. 2011 నుంచి ఇది మళ్లీ మసీదు.

అక్కడి నుంచి కిలిచస్లాన్ వీధి పట్టుకుని తూర్పుగా నడవండి. దారిలో వచ్చే హాజీ ఓజ్బెక్ మసీదును చూసి చిన్న గది అనుకుని దాటిపోకండి. కట్టిన ఏడాది శాసనంలో ఉన్న ఒట్టోమాన్ మసీదుల్లో ఇదే మొదటిది: హిజ్రీ 734, అంటే 1333-34. ఒకే గుమ్మటం, సుమారు ఎనిమిది మీటర్ల చదరం. చదరపు గోడల మీద గుండ్రటి గుమ్మటం నిలబడటానికి మధ్యలో త్రికోణాల పట్టీ కట్టారు, లోపలికెళ్లి తలెత్తితే కనిపిస్తుంది. ముందుండే మండపం రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది, అందుకే బయటి నుంచి మొండిగా కనిపిస్తుంది.

ఇంకా ముందుకెళితే యెషిల్ జామీ, అంటే ఆకుపచ్చ మసీదు (1378-92). మంత్రి చాందర్లీ హలీల్ హైరెద్దీన్ పాషా మొదలుపెట్టించాడు. మినార్ మీది ఆకుపచ్చ, నీలి టైల్స్‌ను ఇజ్నిక్ పేరున్న టైల్స్‌గా పొరబడుతుంటారు. ఇవి వాటికి వందేళ్లకు పైగా ముందరివి, ఒక్కో ముక్కకు ఒక్కో రంగు. మన హైదరాబాద్ బాద్షాహీ ఆశుర్‌ఖానాలో చూసినట్టు ముక్కలతోనే అల్లిక. పక్కనే 1388లో ఒట్టోమాన్ సుల్తాన్ మొదటి మురాద్ తన తల్లి పేరున కట్టించిన నీలూఫర్ హతూన్ ఇమారెత్ ఉంది. పేదలకు, బాటసారులకు అన్నం పెట్టిన ఈ ఇల్లు 1960లో మ్యూజియం అయింది. రాయి, ఇటుక వరుసలు బయటి నుంచి చూసినా చాలు. ఒక్కటే చూసే తీరిక ఉంటే మాత్రం నా ఓటు యెషిల్ జామీకే.

మసీదుల్లో నమాజు వేళ తిరగనివ్వరు, శుక్రవారం మధ్యాహ్నం అసలే కుదరదు. ఉదయమే మొదలుపెట్టండి. చెప్పులు విప్పాలి, ఆడవాళ్లకు తల మీద గుడ్డ ఉండాలి. కోట గోడ చుట్టుకొలత దాదాపు 5 కిలోమీటర్లు. అంతా తిరగక్కర్లేదు, తూర్పున లెఫ్కే ద్వారం, ఉత్తరాన ఇస్తాంబుల్ ద్వారం చాలు. 2014లో ఆకాశం నుంచి తీసిన ఫోటోల్లో బయటపడిన, ఊరి పక్క ఇజ్నిక్ సరస్సులోని చర్చి పునాదులు ఒడ్డు నుంచి ఎంత కనిపిస్తాయన్నది నీటి మట్టాన్ని బట్టి ఉంటుంది.

టైల్స్ కొనాలంటే సులేమాన్ పాషా మదర్సా ఆవరణలోని దుకాణాలకు వెళ్లండి. అసలు పద్ధతిలో మట్టి తక్కువ, క్వార్ట్జ్ ఎక్కువ. కాలేటప్పుడు వంకరపోయేవి, పగిలేవి చాలా ఉంటాయి, అందుకే ధర ఎక్కువ. ఎరుపు రంగు మీద వేలితో తడిమితే కాస్త ఉబ్బెత్తుగా తగలాలి. నున్నగా ఉండి చవగ్గా వస్తే మామూలు పింగాణీ అనుకోండి. కొన్నాక చెక్-ఇన్ సామానులో పెట్టొద్దు, మూలలు విరుగుతాయి. పొలాల్లో దొరికే పాత పెంకులు ఏరడం, దేశం దాటించడం నేరం.

బసకు రెండే దారులు. సరస్సు ఒడ్డు పెన్షన్‌లలో (చిన్న అతిథి గృహాలు) సూర్యాస్తమయం బాగుంటుంది, కానీ వేసవి శని, ఆదివారాల్లో దగ్గరి నగరం బుర్సా, ఇస్తాంబుల్ జనంతో నిండిపోతాయి. గోడల లోపలి గదులు ప్రశాంతం, మసీదులకు దగ్గర. తెల్లవారుజామున అజాన్ గట్టిగా వినిపిస్తుందని మాత్రం గుర్తుంచుకోండి. శీతాకాలమైతే గదిలో హీటింగ్ ఉందో లేదో ముందే అడగండి. తిండికి కోఫ్తా, సరస్సు చేప, ఆలివ్‌లు. శాకాహారులు పప్పు సూప్, పెరుగు, రొట్టెతో నెట్టుకురావాలి. సూప్‌లో మాంసం రసం కలుపుతారేమో అడిగి తీసుకోండి.

ఇస్తాంబుల్ నుంచి యాలోవాకు ఫెర్రీ, అక్కడి నుంచి ఒర్హాన్‌గాజీ మీదుగా మినీబస్సు, సుమారు గంట. బుర్సా బస్ టెర్మినల్ నుంచైతే గంటన్నర. దిగగానే డ్రైవర్‌ను చివరి మినీబస్సు ఎన్నింటికో అడిగి రాసుకోండి. తప్పితే టాక్సీయే గతి, ఆ ఖర్చుతో ఊళ్లోనే ఒక రాత్రి ఉండొచ్చు.