గుడి దగ్గర రెండో షాపా, ఊళ్లో ఆర్డర్లా? ఏది మేలు?

మాది తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర చిన్న కారాల షాపు. మురుకులు, నిప్పట్లు, మిక్చర్, బూందీ. పోయిన దీపావళి అయ్యాక రైల్వే స్టేషన్ వైపు ఒక గది ఖాళీ అయింది. ఓనర్ పిలిచి "నీకైతే ఇస్తానబ్బా, నెలకు 30 వేలు, అడ్వాన్సు 3 లక్షలు" అన్నాడు. అదే వారం ఒక కాలేజీ హాస్టల్ వాళ్లు సాయంత్రం చిరుతిండికి నెలకు లక్ష రూపాయల సరుకు వేయగలవా అని అడిగారు. ఇంట్లో ఆవిడ మూడో మాట చెప్పింది: "సారె ఆర్డర్లు చెయ్యలేక వెనక్కి పంపిస్తా ఉండాం, ముందు అది చూడు."

చేతిలో ఉన్నది ఆ 3 లక్షలే. అప్పు చేసి మూడూ చేసే ధైర్యం నాకు లేదు. కాబట్టి లెక్క వేసుకోక తప్పలేదు.

తిరుపతిలో ఎవర్ని అడిగినా మొదటిదే మేలంటారు. కొండమీద సామి ఉన్నన్ని రోజులు బేరానికి కరువేముంది అంటారు. 2020 మార్చి 20 దాకా నేనూ అదే అనుకున్నాను. ఆ రోజు కరోనాతో దర్శనాలు ఆగిపోయాయి. మళ్లీ మామూలు భక్తులను పంపింది జూన్ 11న, అదీ రోజుకు ఆరు వేల మందినే. అరవై డెబ్బై వేల మంది వచ్చే కొండకు ఆరు వేలంటే మా వీధి దాకా వచ్చేవాళ్లు ఎంతమంది ఉంటారు? 2021 నవంబరు వానలకు ఘాట్ రోడ్డు మూసేసినప్పుడు కూడా షాపు తెరిచి ఈగలు తోలుకున్నాం.

అయినా యాత్రికుల బేరాన్ని తీసిపారేయలేను. దాని సుఖం దానిదే. డబ్బు అప్పటికప్పుడు చేతికొస్తుంది, అరువు మాట ఉండదు. ధర మార్చాలన్నా పొద్దున బోర్డు మారిస్తే చాలు. 2024 సెప్టెంబరులో కేంద్రం పామాయిల్, సన్‌ఫ్లవర్ నూనెల మీద దిగుమతి సుంకం పెంచింది. సరిగ్గా పండగల ముందు నూనె డబ్బా ధర ఎగిరింది. కౌంటర్లో పావుకిలోకి ఐదు రూపాయలు పెంచాను, ఒక్కరూ అడగలేదు. అప్పటికే రేటు రాసిచ్చిన ఆర్డర్లకు మాత్రం నా చేతి డబ్బు పోసి సరుకు వేశాను. మళ్లీ 2025 మే చివర్లో ముడి వంటనూనెల మీద సుంకం తగ్గించారు. అప్పుడు ఆర్డర్ల వాళ్లు వెంటనే ఫోన్ చేశారు, రేటు తగ్గించమని!

అయితే రెండో షాపు లెక్క వేరు. కౌంటర్లో వంద రూపాయలు అమ్మితే సరుకు ఖర్చు పోను నాకు 35 మిగులుతుంది. అద్దె 30 వేలు, ఇద్దరు కుర్రాళ్ల జీతం 28 వేలు. ఈ 58 వేలు రావాలంటే నెలకు లక్షా 66 వేల బేరం కావాలి, అంటే రోజుకు ఐదున్నర వేలు. బ్రహ్మోత్సవాలు, తమిళ భక్తులు వచ్చే పెరటాసి నెల, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవులు, ఈ రోజుల్లో అది పెద్ద విషయం కాదు. పిల్లల పరీక్షల కాలంలో, ఫిబ్రవరి మార్చిలో, మా పాత షాపు పుస్తకం చూస్తే బేరం మూడున్నర వేలకు దిగుతుంది. అప్పుడు కొత్త షాపులో నెలకు 21 వేలు చేతి నుంచి పెట్టాలి. పైగా రెండు షాపులూ ఒకే గుంపు మీద ఆధారపడతాయి. కొండకు జనం తగ్గితే రెండూ ఒకేసారి పడుకుంటాయి. దాన్ని పెరగడం అనాలని నాకు అనిపించలేదు.

ఇక హాస్టల్ ఆర్డరు. అద్దె లేదు, కౌంటర్లో మనిషి అక్కర్లేదు. ఎన్ని కిలోలో ముందే తెలుసు కాబట్టి పిండి, నూనె కలిపి కొంటే కొంత కలిసొస్తుంది. లాభం మాత్రం వందకు 18. లక్ష రూపాయల సరుకుకు 18 వేలు. బిల్లు 60 రోజులకు ఇస్తామన్నారు. అంటే ఎప్పుడూ నా 2 లక్షలు వాళ్ల దగ్గరే ఉంటాయి. ఆ డబ్బు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటే నెలకు 4 వేలు దానికే పోతుంది, మిగిలేది 14 వేలు. బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్ (కావాల్సినప్పుడు ఖాతాలో ఉన్నదానికన్నా ఎక్కువ తీసుకునే అప్పు) ఉంటే ఇంకొంచెం మిగులుతుంది. డైలీ ఫైనాన్స్ వైపు మాత్రం చూడకూడదు. 9 వేలు చేతికిచ్చి రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తే వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ కొంత తిరిగి కట్టేస్తూనే ఉంటాం కాబట్టి, ఏడాది లెక్కన అది నూటికి 75 దాటిన వడ్డీ.

చట్టం మన వైపే ఉందని ఆడిటర్ చెప్పాడు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉన్న చిన్న తయారీదారుకు, ఒప్పందంలో ఎక్కువ రోజులు రాసుకున్నా సరే, 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలట. 2006 నాటి చట్టం. ఆలస్యమైతే వడ్డీ కూడా కట్టాలి. బాగుంది. ఫిర్యాదు పెట్టిన మరుసటి నెల నుంచి ఆర్డరు ఉంటుందా అంటే ఆడిటర్ నవ్వి ఊరుకున్నాడు. 2020లో ఒక హాస్టల్ మూతపడ్డప్పుడు నా మూడు నెలల బిల్లు అలాగే ఉండిపోయింది. పిల్లలు ఇళ్లకు పోయారు, వార్డెన్ మారాడు, కొత్తాయన "పాత సంగతి నాకు తెలీదు సార్" అన్నాడు. యాత్రికులు ఆగిపోయిన రోజే హాస్టళ్లూ ఆగిపోయాయి. గుడి బేరం మీద భయంతో ఊరి ఆర్డర్లకు పోతే భయం పోతుందనుకునేవాళ్లు ఇది గమనించాలి.

అప్పుడు మమ్మల్ని నిలబెట్టింది ఇళ్లవాళ్లు. కొర్లగుంట, ఎం.ఆర్.పల్లి, భవాని నగర్ నుంచి వాట్సాప్‌లో అరకిలో, కిలో అడిగేవాళ్లు. ఇంట్లో కూర్చున్న జనానికి సాయంత్రం నమలడానికి ఏదో ఒకటి కావాలి కదా. ఇంటి ఆర్డర్లలో నాకు మిగిలేది వందకు 28 దాకా. చెనిక్కాయ నూనెతో చెయ్యమని అడిగేది కూడా వీళ్లే, దానికి ఎక్కువ ఇచ్చేదీ వీళ్లే. సీమంతం, పెళ్లి సారె అయితే సగం డబ్బు ముందే ఇస్తారు. ఆలోచిస్తే ఇదే అసలు తేడా. హాస్టల్‌కు నేను అప్పిస్తున్నాను, సారె పెట్టే ఇంటివాళ్లు నాకు అప్పిస్తున్నారు, వడ్డీ లేకుండా!

దీనికీ కష్టాలున్నాయి. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లు ఉండవు. ముహూర్తాలున్న వారంలో నిద్ర ఉండదు. 500 మురుకులు ఒక్క సైజులో, విరగకుండా, తెల్లారే లోపు కావాలంటారు. ఒక్క చుట్టు మాడితే వియ్యంకుల ముందు వాళ్ల పరువు, ఆ తర్వాత వీధంతా మా పరువు. అన్నిటికన్నా, దీనికి మంచి వంట మాస్టర్ కావాలి. 2020లో ఇద్దరు మాస్టర్లలో ఒకరిని సగం జీతంతో ఉంచుకుని, ఒకరిని పంపించేశాను. వెళ్లినాయన వేలూరులో కుదురుకున్నాడు, ఎంత పిలిచినా రాలేదు. అతని పనితనం కొత్తవాడికి రావడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో పోయిన ఆర్డర్లు లెక్క వేస్తే, నేను మిగిల్చుకున్నాననుకున్న జీతం ఏ మూలకూ రాదు.

అందుకే ఆవిడ మాటే విన్నాను. 1,40,000 పెట్టి పిండి కలిపే మిషన్, మురుకుల మిషన్, ప్యాకెట్లకు సీలింగ్ మిషన్ కొన్నాం. మిగిలిన డబ్బు నలుగురు పనివాళ్ల మూడు నెలల జీతాలకు సరిపోతుంది. దాన్ని బ్యాంకులో వేసి ముట్టకుండా ఉంచాను. హాస్టల్ వాళ్లకు 40 వేల సరుకే వేస్తానని, 30 రోజులకు డబ్బు ఇవ్వాలని, నూనె డబ్బా 200 పెరిగితే రేటు మళ్లీ మాట్లాడుకోవాలని కాగితం మీద రాయించాను. డబ్బు నలభయ్యో రోజుకు వస్తోంది. పర్వాలేదు.

అందరికీ ఇదే మేలని చెప్పను. రాగి చెంబులు, స్వామి పటాలు అమ్మేవాళ్లకు నా లెక్క పనికిరాదు. ఊళ్లోవాళ్లు ఏడాదికి ఎన్ని పటాలు కొంటారు? వాళ్లకు గుడి వీధే దిక్కు. అద్దె తగ్గించుకోవడం మీదే వాళ్లు ఆలోచించాలి.

స్టేషన్ దగ్గర గది ఇంకా ఖాళీగానే ఉంది. సంక్రాంతి దాటాక ఓనర్ 26 వేలకు దిగాడు. సెప్టెంబరు నుంచి జనవరి దాకా ఐదు నెలలకైతే తీసుకుంటానన్నాను. "ఇదేమన్నా కల్యాణ మండపమా, సీజన్‌కు ఇచ్చేదానికి?" అని కోప్పడ్డాడు. పోయిన వారం తనే మళ్లీ ఫోన్ చేశాడు.