మూడు కంపెనీల జీతాలు ఒకే ఖాతా నుంచి వేయిస్తామంటే ఒప్పుకోకండి

ఒంగోలు, చీమకుర్తి చుట్టుపక్కల రెండు మూడు చిన్న కంపెనీలు నడుపుతున్నవారికి ఈ హెచ్చరిక. ‘మీ జీతాలన్నీ కలిపి ఒకే ఖాతా నుంచి పంపిస్తాం, బ్యాంకు ఛార్జీలు సగానికి సగం తగ్గుతాయి’ అని ఎవరైనా వస్తే సంతకం పెట్టే ముందు నా అనుభవం చదవండి.

మా కుటుంబానికి చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్, కొత్తపట్నం దగ్గర ఐస్ ప్లాంటు, ఒంగోలులో లారీల ఆఫీసు ఉన్నాయి. మూడూ వేర్వేరు కంపెనీలు, మొత్తం 86 మంది. లెక్కలు నేనే చూస్తాను. జీతాల సేవలు అమ్మే సంస్థ మనిషి వచ్చి చెబితే నమ్మి, నెలకు 1,500 చొప్పున ఆరు నెలల రుసుము ముందే కట్టాను.

కట్టక ముందు చేయాల్సిన లెక్క తర్వాత చేశాను. ఒక బ్యాంకు నుంచి మరో బ్యాంకుకు డబ్బు పంపే నెఫ్ట్ పద్ధతిలో ఛార్జీ ఒక్కో జమకు పడుతుంది. మా కరెంటు ఖాతాలో జమకు 5 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ. 86 మందికి నెలకు 507 రూపాయలు. జీతాల జాబితాను బ్యాంకుకు మూడు ఫైళ్లుగా పంపినా, ఒకటిగా పంపినా 86 జమలు 86 జమలే! ఆదా అయింది తగ్గిన రెండు ఫైళ్లకు బ్యాంకు తీసుకునే 118 రూపాయలే. దాని కోసం 1,500 పోశాను.

డబ్బు పోతే పోయింది, మూడో నెల జరిగింది మాత్రం మరిచిపోలేను. పలకలు కొన్నవారి చెల్లింపు రెండు రోజులు ఆలస్యమై గ్రానైట్ యూనిట్ వాటా తగ్గింది. జీతాలన్నీ లారీల కంపెనీ ఖాతా నుంచే వెళ్లాలి కాబట్టి నిల్వ చాలక ఫైలు మొత్తం వెనక్కి వచ్చింది. ఐస్ ప్లాంటు డబ్బు పూర్తిగా ఉన్నా వాళ్లకూ జీతం పడలేదు. అది ఆరో తేదీ, శనివారం. చట్ట ప్రకారం ఏడో తేదీలోగా జీతం ఇవ్వాలి. నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి సెలవు రోజుల్లోనూ, రాత్రింబవళ్లూ పనిచేస్తోంది. కానీ ఫైలు ఎక్కించే అధికారం ఆ సంస్థ చేతిలో పెట్టాం, ఆదివారం అక్కడ ఫోను ఎత్తినవారు లేరు. ఒడిశా నుంచి వచ్చిన పాలిషింగ్ కార్మికుడు తన ఫోను నా చేతికిచ్చి ‘మీరే చూడండి సార్’ అన్నాడు. నిల్వ 212 రూపాయలు. ఇంటికి పంపాల్సిన డబ్బు కోసం తొమ్మిదో తేదీ దాకా ఎదురుచూశాడు.

ఇంకో నష్టం ఆలస్యంగా బయటపడింది. ఐస్ ప్లాంటు సూపర్‌వైజర్ బైకు రుణానికి వెళితే జీతం చీటీలో ఒక కంపెనీ, బ్యాంకు స్టేట్‌మెంటులో మరో కంపెనీ పేరు కనిపించి దరఖాస్తు ఆగిపోయింది. కంపెనీల మధ్య నెలనెలా తిరిగిన డబ్బుకు లెక్క చూపమని మా ఆడిటర్ అడిగితే, ఎంట్రీలన్నీ మళ్లీ రాయడానికి పది రోజులు పట్టింది.

ఇప్పుడు మళ్లీ ఏ కంపెనీ జీతాలు ఆ కంపెనీ ఖాతా నుంచే. 61 మందికి మా బ్యాంకులోనే జీతాల ఖాతాలు తెరిపించాం. ఒకే బ్యాంకులో ఖాతా నుంచి ఖాతాకు వేస్తే మాకు ఛార్జీ లేదు. మిగతా 25 మందికి అయ్యేది 147 రూపాయల 50 పైసలు. ఈ దారి బ్యాంకు మేనేజరే చెప్పారు, అడగడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది.

మీ దగ్గరికి వస్తే ఇవి అడగండి: డబ్బు ఎవరి ఖాతాలో తగ్గుతుంది? కార్మికుడి స్టేట్‌మెంటులో ఎవరి పేరు పడుతుంది? ఒక కంపెనీ నిల్వ చాలకపోతే మిగతావాళ్ల జీతం వెళుతుందా? ఆదివారం ఫైలు మళ్లీ ఎక్కించేది ఎవరు? జవాబులు కాగితం మీద రాయించుకోండి. నేను రాయించుకోలేదు, అందుకే వాడుకోని మూడు నెలల 4,500 రూపాయలు ఇంకా తిరిగి రాలేదు.