కడపలో బ్రౌన్ బంగళా ఉన్న చోట

కడప వెళ్లేవాళ్లు చాలామంది దేవుని కడప, పెద్ద దర్గా చూసి గండికోట బండెక్కేస్తారు. నన్నడిగితే ఎర్రముక్కపల్లెలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి ఒక పూట పూర్తిగా కేటాయించాలి. మా కడప ప్రయాణంలో నాకు బాగా నచ్చిన చోటు అదే.

బ్రౌన్ 1820లో కలెక్టరు కింద ఉద్యోగిగా కడపకు వచ్చాడు, ఇక్కడే తెలుగు నేర్చుకున్నాడు. తర్వాత బంగళా కొని, అందులో పండితులను పెట్టుకుని సొంత డబ్బుతో జీతాలిచ్చాడు. ఊరూరి నుంచి తాళపత్రాలు తెప్పించి, ఒక ప్రతిని ఇంకో ప్రతితో పోల్చి, తప్పులు దిద్ది శుద్ధప్రతులు రాయించాడు. వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయంటే వెనక ఇంత పని ఉంది. ఆ బంగళా కాలక్రమంలో శిథిలమైపోయింది. ఇంగ్లీషు లెక్చరర్ జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు అక్కడ గ్రంథాలయం కట్టించాలని పట్టుబట్టారు, ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగు చేశారు. ఒక ఊరు తన చరిత్రను తనే నిలబెట్టుకోవడం అంటే ఇదే అనిపించింది నాకు. ఆయన్ని జనం 'బ్రౌన్ శాస్త్రి' అని పిలుచుకున్నారు. ఇప్పుడు ఈ గ్రంథాలయం యోగి వేమన విశ్వవిద్యాలయం కింద ఉంది.

లోపల తాళపత్రాలు, పాత పత్రికలు, పుస్తకాలు ఉన్నాయి. నేను ఎక్కువసేపు కూర్చున్నది మాత్రం మెకంజీ కైఫీయత్తుల దగ్గర. రెండు వందల ఏళ్ల కిందట ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ మెకంజీ మనుషులు పల్లె పల్లెకూ వెళ్లి, ఊరి పెద్దలను, కరణాలను అడిగి రాయించుకున్న వివరాలివి: ఊరు ఎలా పుట్టింది, చెరువు ఎవరు తవ్వించారు, ఏ గుడికి ఎంత మాన్యం, ఏ పాళెగాడు ఎప్పుడు ఏలాడు. కడప జిల్లావి సంపుటాలుగా అచ్చయ్యాయి. "ఏ ఊరు సార్ మీది?" అని అక్కడి ఉద్యోగి అడిగి, జమ్మలమడుగు వైపని చెప్పగానే ఆ సంపుటం తీసిచ్చాడు. మా అమ్మ చిన్నప్పుడు చెప్పిన ఊళ్ల పేర్లు వరసగా కనిపిస్తుంటే భోజనం సంగతే గుర్తుకు రాలేదు.

కడపలోనే ఉన్న భగవాన్ మహావీర్ మ్యూజియం 1982లో పెట్టినది. శిల్పాలు, శాసనాలు చూడటానికి ఒక గంట చాలు. పెన్నా ఒడ్డున దానవులపాడులో ఒకప్పుడు పెద్ద జైన క్షేత్రం ఉండేదని తెలుసుకుని వెళ్తే ఇక్కడి జైన విగ్రహాలను చూసే తీరే మారిపోతుంది. పిల్లలతో వెళ్తే ముందు ఇక్కడికే తీసుకెళ్లండి, లైబ్రరీలో వాళ్లకు విసుగు.

బస కోసం బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది, కానీ రాత్రంతా హారన్ల మోత, పొద్దున వేడినీళ్లు రాలేదు. ఇంకొంచెం డబ్బు పోయినా రోడ్డుకు లోపలగా ఉన్న హోటలు చూసుకోవడం మేలు. ఆటోలకు ముందే బేరం మాట్లాడుకోండి. తిండికి మాత్రం దిగుల్లేదు: పొద్దున ఎర్రకారం దోసె, మధ్యాహ్నం రాగి సంగటి, నాటుకోడి పులుసు.

గండికోటను అదే రోజులో ఇరికించకండి, దానికి వేరే రోజు ఉండాలి. ఆదివారమో పండగ రోజో కడపలో దిగేట్టయితే లైబ్రరీ, మ్యూజియం తెరిచి ఉంటాయో లేదో బయల్దేరే ముందే ఫోన్ చేసి కనుక్కోండి.